మోయగలిగినంత

సూరత్ నగరంలో ఉధ్నా దాటి డిండోలీ వైపు సాగితే నవాగామ్ వస్తుంది. ఆ మాటకు గుజరాతీలో కొత్త ఊరని అర్థం. ఆ వీథులలో గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఒడియా చెవిన పడుతూ ఉంటాయి. వాటి నడుమ తెలుగు కూడా. తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు సోలాపురానికీ భివండికీ తరలిపోయినట్లే సూరత్‌కూ వలస వచ్చి, లింబాయత్, నవాగామ్ పరిసరాలలో స్థిరపడ్డాయి. మరమగ్గాన్ని వారు నేటికీ సిరిసిల్లవారి వలెనే 'సాంచా' అంటారు. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాల సరసన తెలుగు మాధ్యమానికీ చోటు దక్కిందన్న సంగతి మన ప్రాంతంలో చాలమందికి తెలియదు.

ఉద్యోగరీత్యా సూరత్ వెళ్లినప్పుడు నవాగామ్‌లో అటువంటి ఒక ఇంట ఒక సాయంకాలం గడపవలసి వచ్చింది. ఆ ఇంటి పెద్దమనుమడు కళాశాల విద్యార్థి. చీరలు పెట్టి పంపే అట్టపెట్టెలను కత్తిరించి అతడు ఒక పేకాట వంటి ఆటను తయారుచేసి, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేర్పాడు. సూరత్‌లో చీరల అట్టపెట్టెలకు కరువు లేదు. ఆటలో అందరూ పురావస్తు శోధకులే. భూగర్భంలోని ఒక పాడుగుడిలో ప్రవేశించారు. ఒక్కొక్క ముక్కపై ఒక్కొక్క నిధి బొమ్మ, పైమూల దాని విలువ, క్రిందిమూల దాని బరువు. ఒక్కొక్కరి మూట పది బరువుల వరకే పడుతుంది. కట్టలో అక్కడక్కడ 'రాయి పడింది' అనే ముక్కలు నాలుగున్నాయి. నాలుగవ రాయి పడగానే ద్వారం మూసుకొనిపోతుంది. అప్పటికి బయటపడనివారి మూట మొత్తం సున్న. కనుక ప్రతి ఆటగాడూ ప్రతి వంతులోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: దీనిని ఎత్తుకోవడమా, మానడమా? ఇంకొక అడుగు లోపలికా, ఇక వెలుపలికా?

చిత్రమేమంటే, పిల్లలు రాయి పడుతుందన్న భయం కంటె మూట నిండిందన్న బాధనే ఎక్కువగా పడుతున్నారు. ఎనిమిది బరువుల బంగారు విగ్రహం చేతికి వచ్చినప్పుడు, అంతవరకు పోగుచేసుకొన్న చిన్న వస్తువులను ఒక్కొక్కటిగా నేలపై పరచి, ఏది విడువవలెనో తోచక దిక్కులు చూస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఒక మట్టికుండ ముక్కను చివరిదాకా విడువలేదు. దాని విలువ ఒకటి, బరువు రెండు. "అది తీసేయవే, దండుగ" అని అన్న అంటే, "బొమ్మ మంచిగుంది" అన్నది.

ఈ కోవకు చెందిన ఆటలు లోకంలో కొన్ని ఉన్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఫిల్ వాకర్-హార్డింగ్ 2007లో వెలువరించిన 'ఆర్కియాలజీ' అనే కార్డుల ఆటలో ఇసుకతుఫాను వచ్చినప్పుడు ఆటగాళ్లు చేతిలోని ముక్కలలో సగం పోగొట్టుకొంటారు. మిగిలినవాటిని జతలుగా చేర్చి ప్రదర్శనశాలకు అమ్ముతారు. పరిమితమైన సంచిలో అత్యధిక విలువను ఎట్లా నింపడమన్నది గణితశాస్త్రంలోనూ పేరుపడ్డ సమస్య. అయితే గణితజ్ఞునికైనా ఆటగాడికైనా ఒక సౌకర్యమున్నది. వస్తువు విలువ ముందే వ్రాసి ఉంటుంది. కూడికలు, తీసివేతలు చేసుకొనడమే మిగిలిన పని.

ఈ అంకెలు ఎవరు వేశారని ఆ అబ్బాయిని అడిగాను. "నేనే సార్. ఎవరో ఒకరు వేయాలి గదా" అన్నాడు.

చరిత్ర చదువుకొన్నవాడికి ఆ సమాధానం నాగార్జునకొండను గుర్తుకు తెస్తుంది. అక్కడ ఈ ఆట నిజంగానే జరిగింది. పడినది రాయి కాదు, ఎక్కివచ్చినది నీరు. అదీ తేదీ చెప్పి మరీ వచ్చింది. అంకెలు వేయవలసినవారు, ఎత్తుకోవలసినవారు, బయటపడవలసినవారు అందరూ ఒకరే.

పలనాటిలో మూడు ప్రక్కల నల్లమల కొండలూ, నాలుగవ ప్రక్క కృష్ణా నదీ కాపుగా సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ ఒకటి ఉండేది. క్రీస్తుశకం మూడవ, నాలుగవ శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడ వర్ధిల్లింది. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఆ వంశపు రాజులు. ఆ తరువాత లోయ మరపున పడింది. 1926లో స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య అక్కడి ప్రాచీన స్తంభాన్ని గుర్తించి ప్రభుత్వానికి తెలియజేయడంతో మరల వెలుగు చూసింది. లాంగ్‌హర్స్ట్ 1927 నుండి 1931 వరకు, టి.ఎన్. రామచంద్రన్ 1938లో అక్కడ త్రవ్వకాలు జరిపారు. అప్పటికి తొందర లేదు. రెండువేల సంవత్సరాలుగా ఉన్న నేల మరొక రెండువేల సంవత్సరాలు ఉంటుందన్న ధీమాతోనే పురావస్తు శాస్త్రవేత్త పారపట్టుకొంటాడు. సగం త్రవ్వి సగం విడిచిపెట్టడం ఆ శాస్త్రంలో దోషం కాదు, మర్యాద. రాబోయే తరంవారు తమకంటె మెరుగైన పనిముట్లతో వస్తారని ఆ సగాన్ని వారికోసం దాచి ఉంచుతారు.

నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలన్న నిర్ణయం ఆ మర్యాదను రద్దు చేసింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ అంతా జలాశయపు అడుగుకు పోతుందని అప్పటికే తేలింది. 1954లోనే భారత పురావస్తు శాఖ డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన ప్రత్యేక బృందాన్ని అక్కడ నియమించింది. 1960 వరకు ఆరేళ్లపాటు ఆ పని సాగింది. ఏది రానున్న తరానికి ఉంచుదామన్న ఆలోచనకు అక్కడ తావు లేదు. ఉంచినదంతా నీటికే.

ఆ ఆరేళ్లలో వందకు పైగా స్థలాలను గుర్తించి, అంకెలు వేసి, త్రవ్వి చూశారు. ఆదిమ మానవుని రాతిపనిముట్లు, నవీన శిలాయుగపు సమాధులు, బృహచ్ఛిలా సమాధులు, ఇక్ష్వాకుల కోట, వీథులు, ముప్పైకి పైగా బౌద్ధ ఆరామాలు, కార్తికేయునికీ శివునికీ అష్టభుజస్వామికీ హారీతికీ కట్టిన ఆలయాలు, నదీతీరాన స్నానఘట్టం, మెట్ల వరుసలతో కూడిన ప్రేక్షాగారం, మరణించిన రాజుల, సేనానుల స్మృత్యర్థం నిలిపిన ఛాయాస్తంభాలు. ఇన్ని యుగాలు ఒక్క లోయలో దొరకడం అరుదు. వీటిలో ఎన్నిటిని మోయగలరు?

మోసినవి వేళ్లమీద లెక్కించదగినన్ని. రాళ్లకు అంకెలు వేసి, విప్పి, లోయ మధ్య నున్న కొండపైకి, తూర్పు గట్టున అనుపు వద్దకు తరలించి, అక్కడ తిరిగి పేర్చారు. ప్రేక్షాగారమూ హారీతి ఆలయమూ అనుపుకు వెళ్లాయి. మహాచైత్యం, స్వస్తికాకారపు పునాది గల స్తూపం, స్నానఘట్టం వంటివి కొండమీద మధ్యయుగపు కోటగోడల నడుమ నిలిచాయి. కదిలించడానికి వీలులేని మరికొన్నింటికి చిన్న ప్రతిరూపాలు చేసి పెట్టారు. కొండ ద్వీపమైంది. 1966లో ప్రదర్శనశాల వెలసింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు.

ఇటువంటి పనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణగా ఈజిప్టులోని అబూసింబెల్‌ను చెబుతారు. అస్వాన్ ఆనకట్ట ముంపునుండి నూబియా కట్టడాలను కాపాడవలసిందిగా యునెస్కో 1960 మార్చిలో ప్రపంచదేశాలకు విజ్ఞప్తి చేసింది. 1964 నుండి 1968 వరకు శ్రమించి ఆ గుడులను కోసి 65 మీటర్ల ఎత్తుకు చేర్చారు. అనేక దేశాల ధనం, అనేక దేశాల యంత్రాలు అక్కడ పనిచేశాయి. ఆ విజ్ఞప్తి వెలువడేనాటికి మన లోయలో ఆరేళ్ల త్రవ్వకం పూర్తి కావస్తున్నది. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయినా నిండకమునుపు ఈ పనికి పూనుకొన్న శాఖను గురించి మన పాఠ్యపుస్తకాలలో రెండు వాక్యాలకు మించి కనబడకపోవడం నాకు వింతగానే తోస్తుంది.

ఇక విలువల మాట. అంకెలు వేసినది ఎవరన్న ప్రశ్నకు నాగార్జునకొండ ఇచ్చే జవాబు అంత సులభమైనది కాదు. పలనాటి సున్నపురాతిపై చెక్కిన శిల్పం చూడగానే విలువ చెబుతుంది. నవీన శిలాయుగపు గొయ్యి చెప్పదు. అందులో ఎముకలూ నాలుగు కుండపెంకులూ తప్ప మరేమీ ఉండవు. అయినా ఒక బృహచ్ఛిలా సమాధిని కూడా కొండపైకి తెచ్చి నిలిపారంటే, ఆ బృందం కేవలం కంటికింపైనవాటినే ఏరుకోలేదని ఒప్పుకోవాలి. అయితే ఇటుకల ఇళ్లు, వీథులు, సామాన్యుల వాడలు మోయరాని సరుకు. విప్పితే ఇటుక ఇటుకే, ఇల్లు ఉండదు. ఈ కారణంచేత నేడు ద్వీపం చూడవచ్చిన యాత్రికుడు విజయపురి అంటే స్తూపాలూ విహారాలూ మాత్రమే అనుకొని తిరిగిపోతాడు. ఊరు అడుగున ఉండిపోయింది.

స్నానఘట్టాన్నే చూడండి. ఒక్క రాయి తప్పిపోకుండా పేర్చిన పని అది. కాని మెట్టుకు అర్థం నీటిమట్టంతో ఉంటుంది. కృష్ణ వేసవిలో ఏ మెట్టుదాకా దిగేదో, వానకాలంలో ఏ మెట్టును ముంచేదో ఆ మెట్లకు తెలుసు. ఇప్పుడవి ఒక కొండమీద ఉన్నాయి. ప్రేక్షాగారపు మెట్లపై ఒకరు కూర్చుండి నడుమ నిలిచినవారి మాట వింటారు గాని, ఆ మాటను పట్టి వెనక్కు పంపిన కొండవాలు అనుపులోనిది కాదు. రాయిని మోయవచ్చు, దాని చోటును మోయలేము. ఈ మాట ఆ బృందానికి మనకంటె బాగా తెలుసు. అందుకే వారు రాళ్లను కదిలించడానికి ముందు ప్రతిదాని ఉనికినీ కాగితంపైకి ఎక్కించారు. ద్వీపంలోని ప్రదర్శనశాలలో మునిగిన లోయ నమూనా ఒకటి ఉన్నది. శిల్పాలను చూసి అలసినవారు దానిని దాటి వెళ్లిపోతుంటారు. నాకు ఆ ప్రదర్శనశాలలో అన్నిటికంటె విలువైన వస్తువు అదేననిపిస్తుంది.

తేలికైన నిధుల సంగతి వేరు. మహాచైత్యంలో లాంగ్‌హర్స్ట్‌కు లభించిన అస్థి అవశేషం చిటికెడంత. దానిని ఉంచిన బంగారు భరిణె కూడ అరచేతిలో ఇమిడేదే. దానిని మహాబోధి సంఘానికి అప్పగించగా సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారం చేరింది. ఆ మహాచైత్యానికి పోషకురాలైన చాంతిసిరి, చాంతమూలుని చెల్లెలు, నిలబెట్టించిన స్తంభాలు టన్నుల బరువు. పూజ్యమైనది మూటలో పట్టింది. పూజకు నిదర్శనమైనది పట్టలేదు.

శాసనాలకు రాతి బరువు లేదు. అచ్చు తీసిన కాగితాన్ని చుట్టి చంకన పెట్టుకొని పోవచ్చు. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం ఒకటి ఉన్నది. తామ్రపర్ణి థేరులకోసం చుళధమ్మగిరిపై ఆమె చైత్యగృహం కట్టించింది. ఆ సింహళ భిక్షువులు ధర్మప్రచారం చేసిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవనం, ద్రవిడం మొదలైన పేర్లతోపాటు అపరాంతం కూడ ఉన్నది. అపరాంతమంటే పడమటి సముద్రతీరం. సూరత్‌కు దిగువన మొదలయ్యే కొంకణపు నేల. వీరపురుషదత్తుని రాణులలో రుద్రధరభట్టారిక ఉజ్జయిని మహారాజు కుమార్తె. నాటి ఉజ్జయిని, గుజరాత్ పశ్చిమ క్షత్రపుల ఏలుబడిలోనివి. అష్టభుజస్వామి ఆలయ శాసనం ఆభీర రాజు వసుసేనుని కాలానిది. ఆభీరులూ పడమటివారే. తెలుగువారు సూరత్ దారి పట్టింది మరమగ్గాల కాలంలోనేనని అనుకొంటాం గాని, ఆ దారి మీద రాణులూ భిక్షువులూ సైన్యాలూ పదిహేడు శతాబ్దాల క్రితమే నడిచారు. ఈ సంగతిని మనకు చెప్పినవి రాళ్లయినా, అందించినవి కాగితాలు.

ఇక్కడ ఒక ప్రభుత్వోద్యోగిగా ఒక మాట చెప్పక తప్పదు. 1960లో త్రవ్వకం ముగిసింది. దాని నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగాన్ని గురించిన రెండవ సంపుటం, అంటే ఇక్ష్వాకుల విజయపురి కథ, 2006లో వెలువడింది. నలభై ఆరేళ్లు. పారపట్టినవారిలో పలువురు అప్పటికి లేరు. రాళ్లను కొండ ఎక్కించడానికి పట్టిన కాలం కంటె పుటలను అచ్చుకెక్కించడానికి పట్టిన కాలం ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు త్రవ్వకంలో నివేదిక ఆలస్యమైతే నేల అయినా సాక్ష్యానికి ఉంటుంది. మరొకరు వెళ్లి చూడవచ్చు. మునిగిన లోయ విషయంలో నివేదికే నేల. బీరువాలో ఉన్న క్షేత్రపుస్తకం జలాశయంలో ఉన్న స్తంభం వంటిదే. ఆనకట్టకు గడువు విధించే ప్రభుత్వాలు పుస్తకానికి గడువు విధించవు. మునక ప్రాంతాల త్రవ్వకానికి మంజూరుచేసే ప్రతి రూపాయిలో ప్రచురణ భాగాన్ని ముందే వేరుచేసి, దానిని మరొక ఖర్చుకు మళ్లించరాదని ఉత్తర్వు ఉండాలన్నది నా అభిప్రాయం. ఇది దస్త్రాలలో పలువురు వ్రాసిన మాటే కావచ్చు. అచ్చులో మరొకమారు వ్రాయడంలో తప్పు లేదు.

గడువు లేని చోట మనం ఏమి చేశామో అమరావతి చెబుతుంది. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుని కాలంలో దీపాలదిన్నె రాళ్లు కట్టడాలకు వెళ్లాయి; కొన్ని సున్నమైపోయాయి. 1797లో మొదటిసారి చూసిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిన్నె నడుమ గొయ్యి పడి ఉన్నది. ఆయన చిత్రకారులు గీసిన శిల్పాలలో కొన్ని నేడు ఆ బొమ్మలలో తప్ప మరెక్కడా లేవు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకాలు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉండి, 1859లో ఓడ ఎక్కి లండన్ చేరాయి. ఏ నీరూ తరుముకొని రాలేదు. ఎవరి మూటలో పట్టినది వారు పట్టుకొనిపోయారు. నాగార్జునకొండలో జరిగినది అంతకంటె ఎంతో గౌరవప్రదమైన పని అని ఈ పోలిక తెలియజేస్తుంది.

అయినా ఒక లోటు ఉన్నది. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. లంబాడీలూ ఉండేవారు. ఎదుటి గట్టున, నల్లగొండ వైపు, ఏలేశ్వరమున్నది. 1956 నవంబరు 1 వరకు ఈ గట్టు ఆంధ్ర రాష్ట్రానిది, ఆ గట్టు హైదరాబాదు రాష్ట్రానిది. ఏలేశ్వరంలో త్రవ్వకాలు అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో వేరుగా జరిగాయి. విజయపురి రాళ్లకు ఒక్కొక్కదానికి అంకె ఉన్నది, ఛాయాచిత్రమున్నది, పునఃప్రతిష్ఠ ఉన్నది. అదే ఏళ్లలో అదే దారిన మూటలు కట్టుకొని ఎక్కినవారు ఏమి తీసుకొనిపోయారో, ఏమి విడిచిపోయారో ఆ సంపుటాలలో చోటులేదు. అది పురావస్తు శాఖ పని కాదని అనవచ్చు. నిజమే. ఐతే ఎవరి పని?

ఈ ప్రశ్నకు నాకు సమీపంలో దొరికిన సాక్షి నవాగామ్ ఇంటి పెద్దావిడ. వయసు డెబ్భై దాటింది. ఆమెను వలస గురించి అడిగితే ఊరు విడిచిన రోజు చెప్పలేదు, సూరత్ విడిచిన రోజు చెప్పింది. 1994 సెప్టెంబరులో నగరంలో ప్లేగు వ్యాపించిందన్న వార్తతో కొద్ది రోజులలోనే లక్షలమంది సూరత్ వదిలి పరుగెత్తారు. సాంచాలు ఆగిపోయాయి. తెలుగువారు స్టేషనుకు వెళ్లి, అహమ్మదాబాదు నుండి మద్రాసు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూశారు. అది వరంగల్లు మీదుగా పోతుంది.

"ఏం తెచ్చుకుంటం సారూ" అన్నది. "రెండు చేతులు ఇద్దరు పొల్లగాండ్లకే సరిపాయె. కొంగుకు రేషన్ కార్డు గట్టుకున్న. ఇంట్ల గొత్త టీవీ ఉండె. తాళం ఏసిన, అంతే."

కొత్త టీవీ విలువ ఎంత, రేషన్ కార్డు బరువు ఎంత అని ఆమెను ఎవరూ అడగలేదు. అట్టముక్కపై వ్రాసినట్లు విలువలు వ్రాసి ఉంటే టీవీకి ఇరవై వేసి ఉందురు. ఆమె మాత్రం తాము ఇక్కడివారమని చెప్పే కాగితాన్ని ఎంచుకొన్నది. తిరిగి వచ్చినప్పుడు అదే పనికివచ్చింది. మరునెలలోనే కుటుంబం నవాగామ్ చేరింది. టీవీ ఉన్నచోటనే ఉన్నదని నవ్వుతూ చెప్పింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి విడిచిన నీటితో తాపీ పొంగి నగరంలో అధికభాగాన్ని ముంచినప్పుడు మేడమీదికి ఏమి చేర్చారని అడిగాను. నూకల డబ్బా, నీళ్ల బిందె అన్నది. పన్నెండేళ్లలో పట్టిక మారింది. పిల్లలు పెద్దవారై తమ కాళ్లపై తాము మెట్లెక్కగలిగారు గనుక చేతులు ఖాళీ అయ్యాయి.

గుజరాత్‌లో నవాగామ్‌లు చాల ఉన్నాయి. ఈ సూరత్ పేటకు ఉత్తరాన నర్మద ఒడ్డున, కేవడియా సమీపంలో మరొక నవాగామ్ ఉన్నది. 1961 ఏప్రిల్ 5న నెహ్రూ శంకుస్థాపన చేసినది అక్కడే. అదే పెరిగి, సర్దార్ సరోవర్‌గా రూపొంది, 2017 సెప్టెంబరు 17న జాతికి అంకితమైంది. నందికొండ వద్ద రాయి వేసిన ఐదేళ్ల నాలుగు నెలలకు అదే చేయి ఇక్కడ రాయి వేసింది. కేవడియా, నవాగామ్, గోరా, లిండీ, వాగడియా, కోఠీ అనే ఆరు గ్రామాల భూములు మొట్టమొదట సేకరణకు వచ్చాయి. అవి మునగలేదు, ప్రాజెక్టు కాలనీకి పోయాయి. ఎగువన శూలపాణేశ్వర ఆలయం మునిగింది. గోరా వద్ద కొత్త ఆలయం కట్టారు. కొత్త ఊరని పేరు పెట్టుకొన్న ఊరికి పాతదనం ఏమి మిగిలిందో చరిత్రకారులు కాక ఆ ఊరివారే చెప్పాలి.

మనవైపు ఈ ఆట నాగార్జునసాగర్‌తో ముగియలేదు. శ్రీశైలం జలాశయం నిండేముందు కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తెచ్చి నిలిపారు. బాదామి చాళుక్యుల కాలపు ఆ గుడి నేడు ఎండలో, పచ్చిక నడుమ, చక్కగా ఉన్నది. సంగమం మాత్రం వెంట రాలేదు. ఊరు లోపల సంగమేశ్వరుడు ఉన్నాడు. పాపనాశి గుడులూ అదేవిధంగా తరలివచ్చాయి. తాపీమేస్త్రీలు, కూలీలు, ఇంజనీర్లు కలిసి చేసిన ఆ పనిని అలంపురం వెళ్లినవారు ఆగి చూడదగును. ఏ రెండు రాళ్ల నడుమ ఎంత సందు వదిలారో చూస్తే వారి శ్రద్ధ తెలుస్తుంది.

ఆత్మకూరు వైపు, నేటి నంద్యాల జిల్లాలో, మరొక సంగమేశ్వరుడు ఉన్నాడు.  ఏడు నదులు కలిసే చోటని ప్రతీతి. లింగం వేపదారువని భక్తుల విశ్వాసం. ఈ గుడిని నీటికే విడిచారు. సంవత్సరంలో ఎక్కువ నెలలు అది శ్రీశైలం వెనుకజలాలలో ఉంటుంది. వేసవిలో మట్టం తగ్గినకొద్దీ మొదట శిఖరం, తరువాత గోడలు, చివర గర్భగుడి గడప బయటపడతాయి. అర్చకుడు పడవలో చేరుకొని ఒండ్రు ఎత్తిపోసి దీపం పెడతాడు. చుట్టుప్రక్కల ఊళ్లవారు కొబ్బరికాయలు పట్టుకొని బురదలో నడిచివస్తారు. వారిలో మునిగిన ఊళ్లవారూ ఉంటారు. మా ఇల్లు ఆ వైపు ఉండేదని నీటిలోకి చేయి చూపుతారు. ఎగువన వానలు పడి వరద మొదలైనప్పుడు, నీరు గర్భగుడి మెట్టును తాకేదాకా పూజ సాగుతుంది. ఆ రోజు అర్చకుడు చివరి హారతి ఇచ్చి, పళ్లెమూ గంటా పట్టుకొని పడవ ఎక్కుతాడు.